నిప్పుకు నిరభ్యంతర పత్రం

మానవజాతి నిప్పును కనిపెట్టిందని అందరూ గొప్పగా చెప్పుకుంటారు గాని, ఎవరి అనుమతితో కనిపెట్టిందని ఇన్ని వేల ఏళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆ లోటును మా ఆఫీసు మూడో అంతస్తులో, లిఫ్టుకు ఎడమ పక్క గదిలో మేము పూడ్చాం.

మాది సామ్రాజ్యాలు కట్టే వీడియో గేములు తయారుచేసే కంపెనీ. ఆడేవాడి చేతికి మొదట ఆరుగురు ఆదిమానవులనూ ఒక వాగునూ ఇస్తాం. అతను వాళ్ళచేత నిప్పు రాజేయించి, పొలం దున్నించి, ఇనుము కరిగించి, కోటలు కట్టించి, చివరికి పక్క రాజ్యం మీద ఫిరంగులు పేల్పించాలి. ఏది కనిపెట్టాక ఏది కనిపెట్టాలో చెప్పే పటాన్ని మా వృత్తిలో టెక్ ట్రీ అంటారు. మా గదిలో ఒక గోడ నిండా అదే. రెండువందల పద్నాలుగు అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో ఆవిష్కరణ పేరు, వాటిని కలుపుతూ ఎర్రదారాలు. కుండ నుంచి బట్టీకి, బట్టీ నుంచి ఇటుకకు, ఇటుక నుంచి గోడకు, గోడ నుంచి గోడ దూకేవాడికి (గూఢచారి విభాగం). ఆ దారాలు కట్టే ఉద్యోగం నాది. తొమ్మిదేళ్ళుగా చరిత్రను గుండుసూదులతో గోడకు గుచ్చుతున్నాను.

ఇంట్లో నా భార్యకు అప్పుడు ఐదో నెల. ఈ సంగతి ఇక్కడే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెబితే కథ కోసం కల్పించానంటారు.

మా డైరెక్టరును అందరం చక్రవర్తి గారనే పిలుస్తాం (ఎదురుగానే, ఆయనకు ఇష్టం). కొత్త గేమును కొంతమంది చేత ఆడించి చూస్తే, నాలుగు గంటల్లో మానవ చరిత్ర మొత్తం అయిపోయింది. ఆయన నివేదికను బల్ల మీద పడేశారు.

"చరిత్ర మరీ తేలిగ్గా ఉందయ్యా. పొద్దున్నే నిప్పు కనిపెట్టినవాడు మధ్యాహ్నం భోజనం వేళకి ఫిరంగి పేలుస్తున్నాడు. ఇలాగైతే సాయంత్రం ఏం చేస్తాడు? ఇంకో కంపెనీ గేము ఆడతాడు."

మేము వరదలు పెట్టాం. కరువులు పెట్టాం. ప్లేగు పెట్టాం. ఆడేవాళ్ళు వాటన్నిటినీ ఈల వేసుకుంటూ దాటేశారు. మనిషిని ఆపడానికి ప్రకృతి చాలదని మాకు అప్పుడే తెలిసొచ్చింది. దాంతో చక్రవర్తి గారు ఎవరినో అడిగి, సూపర్నెంటు గారని ఒకాయన్ను సలహాదారుగా తీసుకొచ్చారు.

సూపర్నెంటు గారు ఏదో శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఏ శాఖో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు; ఆ శాఖ వల్ల ఏ పనైనా జరిగిన దాఖలా లేకపోవడంతో ఊహించడమూ కుదరలేదు. ఆయన మొదటి రోజు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, గోడ ముందు గంటసేపు నిలబడ్డారు. తర్వాత నిప్పు అని రాసి ఉన్న అట్టముక్క మీద వేలు పెట్టారు.

"ఇది ఎవరి పేరున మంజూరైంది?"

"మంజూరు అవడమేంటండీ? ఆదిమానవుడు రెండు రాళ్ళు తీసుకుని రాపిడి చేస్తే..."

"ఆ రాళ్ళు ఎక్కడివి? సొంతవా, ప్రభుత్వ భూమిలోవా?"

తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ రాళ్ళ హక్కుదారు గురించి ఆలోచించనందుకు, నిజం చెప్పాలంటే, సిగ్గేసింది.

నెల తిరిగేసరికి చరిత్ర ఒక గాడిన పడింది. నిప్పు కావలసిన తెగ ముందుగా అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఎక్కడా అగ్ని లేకుండా అగ్నిమాపక శాఖను నెలకొల్పడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి, పొరుగు తెగలో అగ్నిప్రమాదం జరిగేదాకా ఆగాలి (పొరుగు తెగ కూడా అదే క్యూలో ఉంటుంది). లిపి కనిపెట్టదలచినవారు ఆ సంగతిని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. నిరక్షరాస్యుల సౌకర్యార్థం వేలిముద్రకు వీలు కల్పించారు గాని, సిరా అనేది లిపి తర్వాత పదకొండో అట్టముక్క. చక్రానికి రహదారుల శాఖ ఆమోదం తప్పనిసరి. వారు స్థల తనిఖీకి వస్తామని సంతోషంగా ఒప్పుకున్నారు, బండి పంపితే.

ఈ మార్పులను పరీక్షించినవాడు ఓటమి అన్న. కొత్త గేములో ఎన్ని రకాలుగా ఓడిపోవచ్చో అన్ని రకాలుగా ఓడిపోయి చూపించడం అతని ఉద్యోగం. పేరు అలా వచ్చింది. నాలుగు రోజుల తర్వాత వెళ్ళి చూస్తే, తెర మీద అతని తెగ ఆరుగురూ రాజుకోని కట్టెల చుట్టూ కూర్చుని ఉన్నారు.

"ఎలా ఉందన్నా?"

"చలేస్తోంది తమ్ముడూ."

"తెగకా?"

"నాకు కూడా. కానీ లేవబుద్ధి కావట్లేదు. మన నంబరు నలభై ఒకటి. ఇప్పుడు ముప్పై తొమ్మిది నడుస్తోంది."

బయటివాళ్ళ చేత ఆడిస్తే ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఇంత వాస్తవికమైన గేము పుట్టి బుద్ధెరిగాక చూడలేదని ఒకాయన రాశాడు. రాగి కోసం పెట్టిన దరఖాస్తు ఒక జతపత్రం తక్కువైందని పదిహేను రోజులుగా వెనక్కి వస్తోందనీ, రాగి దొరికితే దాంతో ఏం చెయ్యాలనుకున్నాడో కూడా మర్చిపోయాడనీ, మనసు చాలా ప్రశాంతంగా ఉందనీ ఇంకొకాయన రాశాడు. సగటున ఒక్కొక్కరు నిప్పు దగ్గర పదకొండు గంటలు ఉంటున్నారు. చక్రవర్తి గారు సూపర్నెంటు గారికి శాలువా కప్పారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని విజయం నెత్తికెక్కినవాళ్ళకు గేము ఒక్కటే చాలదు. మరుసటి వారం మానవ వనరుల విభాగం చూసే మేడమ్ సంతకంతో ఒక సర్క్యులర్ వచ్చింది. మన సంస్థ కూడా ఒక సామ్రాజ్యమే గనుక, సోమవారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఆఫీసు రాతియుగంలో ప్రారంభమగును. సిబ్బంది చేసే పనికి వారం వారం పరిజ్ఞాన పాయింట్లు వచ్చును. వాటిని ఖర్చుపెట్టి చక్రవర్తి గారు మొదట్లో వారానికి ఒక ఆవిష్కరణను తెరచెదరు; యుగం మారినకొద్దీ ఒక్కోదానికి పట్టు వారాలు పెరుగును. తెరవని ఆవిష్కరణను ఆఫీసు ఆవరణలో వాడరాదు. (కంప్యూటర్లు లేకపోతే పని ఆగుతుంది గనుక, వాటిని వాగులు, గుట్టలతో పాటు ప్రకృతి వనరుల కింద చేర్చారు.)

సోమవారం వెళ్ళేసరికి కుర్చీలు లేవు. గోడగడియారానికి గుడ్డ కప్పారు. ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్ బుట్టలో వేసి లోపలికి రావాలి. కిటికీలకు అద్దాలు ఊడదీశారు. మొదటి వారం అందరం నేల మీద బాసింపట్టు వేసుకుని సరదాగానే పనిచేశాం. నడుములు పట్టేశాక, వచ్చే వారం కుర్చీ తెరుస్తారని ఎదురుచూశాం. చక్రవర్తి గారు ఈటె తెరిచారు. ఆ తర్వాతి వారాల్లో విల్లు, డాలు, కోటగోడ తెరిచారు. ఆ తర్వాత రాళ్ళు విసిరే యంత్రం తెరిచి, దాన్ని వడ్రంగి చేత నిజంగానే చేయించి, పై అంతస్తు ఇన్సూరెన్సు ఆఫీసు మెట్ల వైపు గురిపెట్టించారు. ఇలాంటి గేములు ఆడే ప్రతి మగాడూ చేసేది అదే. నేనూ అంతే, ఆయన్ను తప్పుపట్టను. కాని రాళ్ళ యంత్రం ఉండి కుర్చీ లేని ఆఫీసులో ఉద్యోగం చేస్తేగాని, నేను ఇన్నేళ్ళుగా గెలుస్తూ వచ్చిన సామ్రాజ్యాల్లో జనం ఎలా బతికారో నాకు తట్టలేదు.

ఇంతలో నా భార్యకు నెలలు నిండుకొచ్చాయి. నేను మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"ఇంకో ఐదు వారాల్లో అని డాక్టరు చెప్పారు మేడమ్. ఒక వారం సెలవు కావాలి."

"అయ్యో, తప్పకుండా సార్. కంగ్రాట్స్. కానీ సెలవు ఇంకా కనిపెట్టలేదు కదా."

"మరి నేనేం చెయ్యాలి?"

"నన్నడుగుతారేంటి సార్? అది అక్కడ పెట్టింది మీరే."

గోడ దగ్గరికి వెళ్ళి చూసుకున్నాను. సెలవు అట్టముక్క కుడివైపు చిట్టచివర, స్విచ్‌బోర్డు పక్కన ఉంది. దానికి ఫ్యాక్టరీ, సైరను, కార్మిక సంఘం, సమ్మె అనే నాలుగింటి నుంచి దారాలు వచ్చి ఉన్నాయి. చేతిరాత నాదే. రెండేళ్ళ కిందట దీని మీద రెండు పేజీల నోటు కూడా రాశాను. మనుషులు లోకమంతటా గంటల లెక్కన పనిచెయ్యడం మొదలుపెట్టాకే పని మానెయ్యడమనేది ఒక ఆవిష్కరణ అవుతుందని అందులో ఎంతో చక్కగా నిరూపించాను. చదువుకుంటుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. చక్రవర్తి గారి వేగాన్నీ, యుగయుగానికీ పెరిగే వారాలనూ బట్టి లెక్కేస్తే, సెలవు రావడానికి ఆరువందల పదకొండు వారాలు తేలింది. అంటే బిడ్డకు పన్నెండో ఏడు నడుస్తుండగా నేను పురిటి సెలవు మీద ఇంటికి వెళ్ళాలి.

ఆ సాయంత్రం నా భార్య మంచం మీద దిండుకు ఆనుకుని చిన్న చిన్న గుడ్డలు మడతపెడుతోంది. సంగతి చెప్పాను. ఆ రెండువందల పద్నాలుగు పేర్ల జాబితా ఇలా ఇవ్వమని తీసుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఇందులో పిల్లలు ఎక్కడ పుడతారండీ?"

"పుట్టడమని విడిగా ఉండదు. ధాన్యం కొట్టు నిండితే జనాభా ఒకటి పెరుగుతుంది."

"ఎవరు కంటారు?"

"ఎవరూ కనరు. కొట్టు నిండగానే గుడిసె పక్కన ఇంకో మనిషి నిలబడి ఉంటాడు. గొడ్డలితో సహా."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, హఠాత్తుగా ఆపేసింది.

"మూడు రకాల కత్తులు పెట్టారు. మంత్రసానిని పెట్టలేదు."

"ఎవరికీ తోచలేదు."

"నేను లోపల నొప్పులు పడుతుంటే మీరు ఎక్కడుంటారు?"

"ఆఫీసులో."

"ఏం చేస్తూ?"

"దారాలు కడుతూ."

ఆమె ఇంకో గుడ్డ మడతపెట్టింది. "నాకు భయంగా ఉందండీ" అంది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆ మాట ఆమె నోట వినలేదు. నాకూ భయమేసింది, పైకి చెప్పలేదు.

మర్నాడు రెండువందల పదిహేనో అట్టముక్క తయారుచేశాను. మంత్రసాని. దానికి ముందు ఏదీ అక్కర్లేదు. దాని నుంచి ఒక్క దారం, తండ్రికి ఒక వారం సెలవు వైపు. సూపర్నెంటు గారి ముందు పెట్టాను.

"పూర్వార్హత గడి ఖాళీగా ఉందేం బాబూ?"

"ఏమీ లేదండీ. ఇది అన్నిటికంటే ముందుది. నిప్పు కంటే కూడా."

"అన్నిటికంటే ముందుదైతే దీన్ని మంజూరు చేసిందెవరు?"

"ఎవరూ చెయ్యలేదండీ."

"అంటే అనుమతి లేకుండా ప్రసవాలు జరిగిపోయాయంటారు."

"జరిగాయండీ."

"ఎన్ని?"

"అందరివీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చాలా పెద్ద విషయం బయటపెట్టావు" అన్నారు.

రెండు రోజుల్లో ఆయన నోటు వచ్చింది. మానవజాతి యావత్తూ అక్రమంగా జన్మించినట్లు ప్రాథమికంగా నిర్ధారణ అయినందున, దానిని రద్దు చేయుటయా, క్రమబద్ధీకరించుటయా అన్నది తేల్చడానికి ఉపసంఘం వేయాలి. దయాదృష్టితో క్రమబద్ధీకరణ వైపే మొగ్గవచ్చును. అయితే మొట్టమొదటి మనిషి నుంచి ప్రతి ఒక్కరూ ఆలస్యానికి సంజాయిషీతో విడివిడిగా దరఖాస్తు చేసుకోవలెను. అంతవరకు యథాతథ స్థితి. యథాతథ స్థితి అంటే గేములో ఎవరూ పుట్టకూడదని అర్థం. ఓటమి అన్న తెగలో ఆరుగురికీ జుట్టు నెరిసింది.

ఇలా నాలుగు వారాలు గడిచాయి. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా వారముండగా, ఒక బుధవారం ఉదయం పదకొండు గంటలకు మా మరదలు రొప్పుతూ ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. రాయబారం అనే అట్టముక్క ఇంకా తెరవలేదు గనుక వాచ్‌మన్ ఆమెను లోపలికి రానివ్వలేదు. ఆమె వీధిలో నిలబడి గొంతెత్తి అరిచింది.

"బావా! అక్కకి నొప్పులొస్తున్నాయి! అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది! అక్క నిన్నే అడుగుతోంది!"

కిటికీలకు అద్దాలు లేవు కాబట్టి మూడో అంతస్తుకు స్పష్టంగా వినిపించింది.

ఒక్క పరుగున చక్రవర్తి గారి గదికి వెళ్ళాను. ఆయన గుర్రపు దళం తెరవాలా, ఏనుగుల దళం తెరవాలా అని తలపట్టుకుని ఉన్నారు.

"సార్, మా ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి. ఈ వారం సెలవు తెరవండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నాకు మాత్రం మనసు లేదంటావా? మధ్యలో ఎన్ని మెట్లున్నాయో నీకు తెలియనిదా? ఆరువందల ఏడు వారాలే కదా ఇంక. కాస్త ఓపిక పట్టు." ఆయన గుర్రాలు తెరిచారు.

బయటికొచ్చి గోడ ముందు కూలబడ్డాను. ఓటమి అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తమ్ముడూ, మన గేములో అడవిలోంచి వచ్చి కోటల మీద పడే అనాగరికులుంటారు చూడు. వాళ్ళకి టెక్ ట్రీ ఏది?"

"లేదన్నా."

"ఎందుకు పెట్టలేదు?"

"వాళ్ళకి అక్కర్లేదు. వాళ్ళు నాగరికత కింద లెక్కకు రారు."

"మరి ఇంకా కూర్చున్నావేం?"

లేచాను. తొమ్మిదేళ్ళలో ఎందరినో నిబంధనలతో కట్టిపడేశాను గాని, వాళ్ళ జోలికి మాత్రం వెళ్ళలేదు. అది బద్ధకం వల్ల జరిగింది. ఆ బద్ధకానికి చేతులెత్తి దండం పెట్టాను. ద్వారం దగ్గర మేడమ్ అడ్డం నిలబడ్డారు.

"సార్, అనాగరికుడిగా వెళ్తే మళ్ళీ కోటలోకి రానివ్వం. రాళ్ళ యంత్రం ప్రయోగించే అధికారం కూడా నాకుంది."

"ప్రయోగించండి."

దానికి రాయి ఎక్కించాలంటే ఇద్దరు సంతకం చెయ్యాలి. ఆ రెండో మనిషి కోసం వెతికేలోగా నేను మెట్లు దిగిపోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తెరిచి, ఏమని రాయమంటారని అడిగాడు. అనాగరికుడు అని రాయమన్నాను. "ఇంటిపేరు కూడా ఉండాలి సార్" అన్నాడు. అదీ చెప్పాను. అతను బుట్టలోంచి నా ఫోను తీసిచ్చి, తొందరగా వెళ్ళండి సార్ అని గేటు బార్లా తెరిచాడు. ఆ ఆఫీసులో ఆ రోజు ఏ ఆవిష్కరణా అవసరం లేకుండా జరిగిన పని అదొక్కటే.

ఆసుపత్రికి చేరేసరికి నా భార్య చెమటతో తడిసి ముద్దయి ఉంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది. ఎముకలు నలిగేంత గట్టిగా పట్టుకుంది.

"ఎలా వదిలారు?"

"అనాగరికుణ్ణయ్యాను."

"మంచి పని చేశారు" అని, మళ్ళీ నొప్పి రావడంతో కళ్ళు మూసుకుంది.

నడివయసు నర్సమ్మ ఒకామె పొద్దుట్నుంచీ నిలబడే ఉందట. "ఊఁ, తల్లీ, ఇంకొక్కసారి" అని ఆమె ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ప్రతిసారీ అదే చివరిదన్నట్టు అంది. మధ్యాహ్నం మూడూ నలభైకి ఆడపిల్ల పుట్టింది. గొడ్డలి లేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నర్సమ్మ నన్ను భుజం పట్టి పక్కకు జరిపి, దారికి అడ్డంగా ఉన్నానంది.

మూడో రోజు ఉదయం సూపర్నెంటు గారు వార్డుకు వచ్చారు. చూడ్డానికి కాదు, తనిఖీకి. ధాన్యం నిల్వలో మార్పు లేకుండా సంస్థ పరిధిలో జనాభా ఒకటి పెరిగినట్లు తెలిసిందనీ, ఉపసంఘం నిర్ణయం పెండింగులో ఉండగా ఇది జరిగినందువల్ల ప్రత్యక్ష పరిశీలన తప్పదనీ చెప్పారు. స్టూలు లాక్కుని కూర్చుని ఫైలు విప్పారు.

"బరువు?"

"రెండు కిలోల తొమ్మిదివందలు."

"ధాన్యం నిల్వ?"

"లేదు" అంది నా భార్య.

"జన్మించు సమయమున హాజరైన సాక్షి?"

"నేనండీ" అన్నాను.

ఆయన పెన్ను ఆగింది. నా ముఖంలోకి చూశారు. ఆ గడిలో తండ్రి అని రాయడానికి వీలుందో లేదో వెనక పేజీ తిప్పి చూసుకుని, చివరికి రాశారు.

"ఒకసారి ఎత్తుకోండి బాబాయి గారూ" అంది నా భార్య.

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, ఫైలు అందుకునేటప్పుడు చాపినట్టే రెండు చేతులూ చాపారు. తల కింద చెయ్యి ఎలా పెట్టాలో మా అత్తగారు సర్ది చూపించారు. ఆయన ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశారు. తనిఖీకి అంతసేపు పట్టదు.

"పుట్టినప్పుడు ఇంతే ఉంటారామ్మా?" అని మెల్లగా అడిగారు.

ఆయనకు ముగ్గురు కొడుకులు.